నాలుగు వేళ్ల దూది

నా పేరు ఖాసిం. మెట్‌పల్లిలో పాత బస్టాండు వెనక పరుపులు కుట్టేది నేనే. నా పరుపు ఎలాంటిదో ముందు చెబుతాను. ధర్మపురిలో ఒకాయన గోదావరి ఒడ్డున మిద్దె మీద నా పరుపు వేసుకుని పడుకున్నాడు. రాత్రి వరద వచ్చింది. మిద్దె పోయింది, పరుపు తేలింది, ఆయన మాత్రం లేవలేదు. మంచిర్యాల దగ్గర చేపలు పట్టేవాళ్లు పరుపును ఒడ్డుకు లాగితే, కళ్లు తెరవకుండానే "చాయ్ అయిందా?" అని అడిగాడు. ఆ చేపలవాళ్లే తర్వాత నా దగ్గరికి వచ్చి పదిహేడు పరుపులు కుట్టించుకున్నారు.

నమ్మరు కదా? మా ఇంట్లోనూ నమ్మరు. నా భార్య ఉమ్రావ్ బేగం ముప్పై ఏళ్ల నుంచీ అంతే. నేను "వాన పడుతుంది" అంటే చేయి బయట పెట్టి చూసుకున్నాకే దండెం మీది బట్టలు తీస్తుంది. దాని వల్ల నాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఒక్క రోజు వచ్చింది. ఆ రోజు గురించే చెప్పబోతున్నాను.

మా బిడ్డ ముబీనాకు ఇరవై రెండేళ్లు. తొమ్మిదో ఏటి నుంచీ చక్కెర జబ్బు. పెద్ద వయసులో వచ్చే రకం కాదు, చిన్నపిల్లలకు వచ్చే రకం. ఒంట్లో ఇన్సులిన్ ఊరనే ఊరదు, బయటి నుంచి పోయాల్సిందే. రోజుకు నాలుగైదు సూదులు పొడుచుకునేది. పోయిన ఏడాది కరీంనగర్ డాక్టరమ్మ ఎవరితోనో మాట్లాడి పంపు ఇప్పించింది. వక్కల డబ్బీ అంత ఉంటుంది. దాంట్లోంచి సన్నటి గొట్టం బయలుదేరి పొట్టకు అతుక్కుని ఉంటుంది. రాత్రీ పగలూ చుక్క చుక్కగా మందు పోస్తూనే ఉంటుంది. చేతికి ఇంకో బిళ్ల ఉంటుంది. రక్తంలో చక్కెర ఎంత ఉందో అది పంపుకు చెబుతుంది. చక్కెర పడిపోతే పంపు అదురుతుంది, కూస్తుంది. దాని పని అంతవరకే. మందు పోయడం దానంతట అది ఆపదు. మనిషే లేవాలి, ఆపుకోవాలి, గ్లూకోజు తినాలి.

"లేవకపోతె?" అని అడిగాను.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "లేవకపోతె ఇంక లేవకపోవచ్చు, ఖాసిం భాయ్" అంది.

పంపు వచ్చాక సూదుల బాధ పోయింది, పడక బాధ పట్టుకుంది. నడుముకు పెట్టుకుంటే పక్కటెముకల కింద ఒత్తుతుంది. దిండు కింద పెడితే గొట్టం అందదు. ఊరికే పక్కన వదిలేస్తే ఒకరోజు మంచం మీది నుంచి జారి వేలాడింది, ఆ బరువుకు పొట్ట దగ్గరి అతుకు ఊడొచ్చింది. చున్నీలో చుట్టి కట్టుకుంటే పొర్లినప్పుడల్లా ముడి వీపు కిందికి పోయేది. పొద్దున కళ్లు ఎర్రగా చేసుకుని లేచేది. పరుపుల ఖాసిం బిడ్డకే నిద్ర లేదంటే బజార్లో నేను ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

అంతలో ఆమెకు ఆదిలాబాద్‌లో ఉద్యోగం దొరికింది. రాత్రంతా తెరిచి ఉండే మందుల దుకాణంలో రాత్రి డ్యూటీ. పగలు నిద్ర, అదీ ఒక్కతే, అద్దె గదిలో.

"ఒక్కదానివే పండుకున్నంక పంపు కూసి, నువ్వు లేవకపోతె ఎవరు లేపుతరే?" అన్నాను.

"నేనే లేస్త అబ్బా."

"లేవకపోతె?"

"పందెం! వారం రోజులు పగటిపూట తలుపేసుకొని పండుకుంట. పంపు కూస్తె నాకు నేనే లేస్త. ఏడు రోజులు మీరెవ్వరు లేపకుంట గడిస్తె ఆదిలాబాద్ పోత. ఒక్కపారి మీరు లేపవలసి అస్తె ఈడనె ఉంట, మెత్తల గలీబులు కుట్టుకుంట."

మెత్త అంటే మా దగ్గర దిండు, గలీబు అంటే దాని తొడుగు. ఉమ్రావ్ బేగం ఆ గలీబులే కుడుతూ తల ఎత్తకుండా అంది, "పందెం కాడ నేను కూసుంట. బయట అర్రల, తలుపు పక్కకే. తండ్రి మాట ఇనను, బిడ్డ మాట ఇనను. పంపు కూసి, ఇది లేవకపోతెనె లేపుత."

నా మనసులో మాట చెప్పాలంటే బిడ్డ ఆదిలాబాద్ పోవడం నాకు ఇష్టం లేదు. అందుకని రెండో రోజు మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చాను. "ఉమ్రావ్! కిటికీల నుంచి పాము దూరింది! ఏడు అడుగులుంటది! మీసాలున్నయి! బిడ్డను లేపు!"

"మీసాలా?" అంది ఆమె. "గడ్డం లేదా?" అని సూదికి దారం ఎక్కించుకుంది.

నాలుగో రోజు డాక్టరమ్మ కరీంనగర్ నుంచి కార్లో బయలుదేరిందని చెప్పాను. "కారు అచ్చినంక లేపుత తియ్" అంది. కారు రాలేదు. ఎక్కడి నుంచి వస్తుంది?

ఆరు రోజుల్లో పంపు మూడుసార్లు కూసింది. మూడుసార్లూ ముబీనా తనే లేచింది. గ్లూకోజు నోట్లో వేసుకుని, తలుపు సందులోంచి వాళ్లమ్మకు ఎన్నోసారో వేళ్లతో చూపించి, మళ్లీ పడుకుంది.

ఆ నిద్ర ఇచ్చింది మాత్రం నేనే. మొదటి రోజే ఆమె పరుపులో నడుము పక్కన అరచేతి వెడల్పున ఒక జేబు కుట్టాను. పంపు అందులో కూర్చుంటుంది. గొట్టం వదులుగా పడి ఉండడానికి చిన్న కాలువ కూడా పెట్టాను. మనిషి పొర్లినా పంపు కదలదు, గొట్టం లాగదు.

"అబ్బా, పంపు ఉన్నట్టే లేదు!" అంది ముబీనా. నా ఛాతీ ఉబ్బింది. వెంటనే "మోచేతికి జర గట్టిగ తగుల్తుంది గని, ఏం కాదులే" అని కూడా అంది.

జర గట్టిగ! ముప్పై ఏళ్లలో నా పరుపును ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆరు రోజులు ఆ మాట నా లోపల ముల్లులా తిరిగింది.

ఏడో రోజు పొద్దున నేను దూది కోసం బోథ్ పోవాలి. ముబీనా వంటింట్లో ఉప్మా తింటోంది. బస్సుకు ఇంకా అరగంట ఉంది. దబ్బనం తీసుకుని ఆమె గదిలోకి పోయాను. జేబు కుట్లు విప్పి, అడుగున, పక్కలకు, పైన, అన్ని వైపులా నాలుగు వేళ్ల మందం దూది కూరాను. కొత్తగా ఏకిన దూది, గాలికంటే తేలిక. పైన దూది నింపిన మూత ఒకటి కుట్టి మూడు గుండీలు పెట్టాను. చేయి పెట్టి చూస్తే మోచేయి కాదు కదా, ఈగ వాలినా మునిగిపోయేంత మెత్తగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. పడుకున్నాక తనకే తెలుస్తుంది, లేచాక తనే పొగుడుతుంది అనుకుని బస్సెక్కాను.

బోథ్ దగ్గర నేను దూది కొనే మిల్లులో గోపాల్ అని గుమాస్తా ఉన్నాడు. ఇరవై ఏళ్ల దోస్తు. మాటలో మరాఠీ కలుస్తుంది, నన్ను "భావూ" అంటాడు, అన్నా అని. గింజ తీసిన దూదిని ఒక పెద్ద గదిలో ఇల్లంత కుప్ప పోస్తారు. పై దూది చూసి కొనేవాడు పరుపులవాడు కాదు. నేను కుప్ప మీద బోర్లా పడుకుని, చేయి భుజం దాకా దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. ఆ రోజు అలా ఐదు చోట్ల చూశాను. లేచి దులుపుకుంటే చొక్కా జేబులో ఫోను లేదు.

గోపాల్ పడి పడి నవ్వాడు. "భావూ, ఫోను గూడ పరుపుల కుట్టి అమ్ముతవా? ఆగు, రింగ్ ఇస్త."

చెవి దగ్గర పెట్టుకుని "మోగుతుంది" అన్నాడు. గింజ తీసే మిషన్ల హోరులో ఏమీ వినబడలేదు. "భోజనాలకు ఆపుతరు, అప్పుడు చూద్దాం" అన్నాడు. నాకూ తొందర లేదు. అంతసేపూ కూలీలకు మంచిర్యాలకు కొట్టుకుపోయిన పరుపు కథ చెప్పాను. ఈసారి ఆయన రాజమండ్రి దాకా పోయాడు.

ఒంటిగంటకు మిషన్లు ఆగాయి. రేకుల కింద పావురాల రెక్కల చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. గోపాల్ మళ్లీ నొక్కాడు.

"మోగుతుంది."

పన్నెండు మంది కూలీలు కదలకుండా నిలబడ్డారు. కొమురెల్లి అనే పెద్దాయన సద్ది గిన్నె మూత సగం తీసి ఆగాడు. ఎంత చెవి పెట్టినా ఏమీ లేదు. నా ఫోను రింగు మామూలుది కాదు. అది మోగితే మా వీధి చివర మేకలు లేచి నిలబడతాయి. అలాంటిది, ఆ గదిలో ఎక్కడో పది అడుగుల లోపలే మోగుతూ, దోమంత చప్పుడు కూడా చేయడం లేదు.

"సైలెంటుల వెట్టినవా?" అన్నాడు గోపాల్.

"లేదు."

"మల్ల ఇనబడకపోవుడు ఏంది?"

కొమురెల్లి మూత పూర్తిగా తీస్తూ అన్నాడు, "దూది గదా! దాంట్ల పెళ్లి బాజా వెట్టినా బయటికి రాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

అడుగున నాలుగు వేళ్లు. పక్కలకు నాలుగు వేళ్లు. పైన మూత. మూడు గుండీలు.

ముబీనా తినగానే పడుకుంటుంది. ఉప్మా సగమే తిని "నిద్రొస్తుంది అమ్మీ" అని గిన్నె పక్కకు పెట్టడం నేను కళ్లారా చూశాను. తిండికి సరిపడా మందు ముందే పంపు నుంచి పోయించుకుంది. తిన్నది సగం, పోసుకున్నది మొత్తం. ఆ లెక్కన చక్కెర ఎప్పుడో పడిపోవాలి, పంపు ఎప్పుడో కూయాలి. కూసినా ఎవరికి వినబడుతుంది?

గోపాల్ చేయి పట్టుకున్నాను. "గోపాల్, ఇంటికి ఫోన్ చెయ్యాలె. ఇప్పుడే. నా బిడ్డ..."

"నంబరు చెప్పు, నా ఫోను తోటి చేస్త."

"తెల్వదు."

"మీ ఇంటామె నంబరు తెల్వదా?"

"ఫొటో తెలుసు! నల్ల మేకను పట్టుకున్న ఫొటో ఉంటది, గదే ఒత్తుత. నాకు సదువస్తదా, నంబర్లస్తయా? మెట్‌పల్లిల నాకు తెలిసినోళ్లందరు గా ఫోనులనె ఉన్నరు!"

రెండు మాటల్లో సంగతి చెప్పాను. గోపాల్ మొహంలో నవ్వు ఆరిపోయింది. కూలీలు గిన్నెలు వదిలేసి కుప్ప మీదికి దూకబోయారు.

"తొక్కకుండ్రి!" అని అరిచాను. "తొక్కితె ఇంకింత కిందికి పోతది. దూరం జరుగుండ్రి అందరు. గోపాల్, నువ్వు ఆపకు. రింగ్ ఇచ్చుకుంటనె ఉండు."

పరుపు కుట్టాక లోపల గడ్డ ఎక్కడ మిగిలిందో కంటికి కనబడదు. అరచేయి చెబుతుంది. వేళ్లు విప్పి, నొక్కకుండా, గచ్చు మీద పిల్లి నడిచినట్టు చేయి నడిపించాలి. కళ్లు మూసుకున్నాను. నేను చేయి దూర్చిన మొదటి గుంట దగ్గర అరచేయి ఆనించాను. ఏమీ లేదు. రెండో గుంట. నా చేయి వణుకుతోంది. ఏది నా వణుకో, ఏది ఫోను అదురో తెలియడం లేదు. చేతిని పళ్లతో గట్టిగా కొరికి మళ్లీ ఆనించాను.

"కట్ అయింది. మల్ల చేస్తున్న" అన్నాడు గోపాల్.

మూడో గుంటలోనూ లేదు.

"మల్ల కట్ అయింది. చేస్తున్న, భావూ, చేస్తున్న."

నాలుగో గుంట దగ్గర అరచేతిలో చీమలు పాకినట్టు అయింది. ఆగాను. చీమలు ఆగాయి. గోపాల్ మళ్లీ నొక్కాడు. చీమలు మళ్లీ పాకాయి.

భుజం దాకా దూర్చాను. అందలేదు. తల కూడా లోపలికి దూర్చాను. ముక్కులో దూది, చెవుల్లో దూది. వేలి కొసకు గట్టిగా తగిలింది. అంత దగ్గరగా ఉన్నా చప్పుడు లేదు. పట్టుకుని బయటికి లాగాను. ఒక్కసారిగా మోత బయటపడి రేకులకు కొట్టుకుంది, పావురాలన్నీ లేచిపోయాయి.

మేక ఫొటో నొక్కాను.

ఆరుసార్లు మోగాక ఎత్తింది. వెనక కత్తెరతో గుడ్డ కత్తిరిస్తున్న చప్పుడు వినబడుతోంది.

"ఉమ్రావ్, బిడ్డను లేపు."

"ఇయ్యాల ఏం అచ్చింది? మీసాల పామా?"

"కాదు. ఒట్టు. లేపు జల్ది."

"నాకెర్కనె. పొద్దుగాలనె చెప్పింది బిడ్డ. 'అమ్మీ, ఇయ్యాల ఆఖరు దినం, అబ్బా బోథ్ పోయి గూడ ఊకోడు, ఫోన్ చేస్తడు, నువ్వు ఆగం గాకు' అన్నది. ఇంక రెండు గంటలు గడువనియ్యి. గెలిచిందంటె నీకేం పోతది?"

"పంపు కూస్తుండొచ్చు!"

"తలుపు పక్కకే ఉన్న కదా! ఏం కూస్తలేదు. సప్పుడు లేకుంట మంచిగ పన్నది."

"గదేనె నేను చెప్పేది! కూసినా నీకు ఇనబడది!"

"నాకు చెవుడంటున్నవా?"

కత్తెర మళ్లీ ఆడింది. ఇంకేం చెప్పాలి? ముప్పై ఏళ్లుగా ఈ నోటితో అన్నీ పెంచి పెంచి చెప్పాను. ఏడుస్తూ చెబితే ఏడుపు కూడా కథలో భాగమే అనుకుంటుంది. ఖురాన్ మీద ఒట్టేస్తానంటే "మొన్న పాముకు గూడ గట్లనె అన్నవ్" అంటుంది, అన్నాను కూడా.

"నా పరుపుల తప్పుంది" అన్నాను.

కత్తెర ఆగింది.

"ఏమన్నవ్?"

"నేను కుట్టిన పరుపుల తప్పుంది, ఉమ్రావ్. పొద్దుగాల పంపు జేబుల నాలుగు వేళ్ల దూది కూరిన. మెత్తగుంటదని. మూత గూడ పెట్టిన. నేనే తప్పు చేసిన."

ఒకసారి నా పరుపులో ఎలుక పిల్లల్ని పెట్టింది. కొన్నాయన దాన్ని భుజాన వేసుకొచ్చి నా ముందు పడేశాడు. "ఎలుకకు గూడ నచ్చిందంటె చూస్కోండ్రి" అన్నాను గానీ తప్పు ఒప్పుకోలేదు. ఉమ్రావ్ బేగం ఆ రోజు పక్కనే ఉంది.

కత్తెర కింద పడిన చప్పుడైంది. తర్వాత తలుపు బాదుతున్న చప్పుడు. "ముబీనా! ముబీనా!" మళ్లీ బాదింది. "లోపట గడియ పెట్టుకున్నది! లేస్తలేదు!"

"దబ్బనం తీస్కో. పెద్దది. తలుపు సందుల నుంచి పెట్టి గడియను పైకి ఎత్తు."

"చెయ్యి ఆడుతలేదు నాకు..."

"ఆడుతది. మెల్లగ. కింది నుంచి పైకి."

ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు. జారిన చప్పుడు. మళ్లీ గీసుకుంది. రెండింటికి మిషన్లు మళ్లీ నడపాలి. గోపాల్ మీట దగ్గరికి పోయి, మీటకు అడ్డంగా వీపు ఆనించి నిలబడ్డాడు.

గడియ ఊడింది.

"యా అల్లా! అంగి మొత్తం తడిసింది! చెమటలు! మాట్లాడ్తలేదు!"

"ఎడమ పక్కన నడుము కాడ మూత ఉంటది. గుండీలు తియ్యి. మూడున్నయి."

"తియ్యరాస్తలేదు!"

"గుంజు! తెంపెయ్!"

ఒక గుండీ తెగింది. రెండోది తెగింది. మూడోది తెగగానే కూత ఫోనులోంచి నా చెవిలోకి దూకింది. కీఁ కీఁ కీఁ అని ఆగకుండా. ఎంతసేపటి నుంచి కూస్తోందో ఆ దేవుడికే తెలియాలి. అంత గట్టి కూతను నేను నా చేతులతో మూట కట్టి, కుట్టి, గుండీలు పెట్టి వచ్చాను.

"అంకె చూడు. ఎంతుంది?"

"నాలుగు. పక్కకు ఒకటి."

నలభై ఒకటి. డెబ్బైకి తగ్గితేనే భయపడాలని డాక్టరమ్మ చెప్పింది.

"ముందు పంపు ఆపు. గ్లూకోజు నీళ్లల్ల కలుపు. ఆగు, ముందుగాల పెదవులకు తడి పెట్టి చూడు. మింగుతెనె పొయ్యి. మింగకపోతె నోట్ల ఏం పొయ్యకు, అంబులెన్సుకు ఫోన్ చెయ్యి."

ఫోను ఎక్కడో పెట్టింది. చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడు వచ్చింది. "ముబీనా, బేటీ, నోరు తెరువ్. అమ్మీని. మింగు. మింగు మా అమ్మ గదా." ఏమీ వినబడలేదు. నేను కళ్లు మూసుకున్నాను. ఆ నిశ్శబ్దంలో నేను ఎన్నేళ్లు ముసలివాణ్ణయ్యానో చెబితే మీరు నమ్మరు.

"మింగింది" అంది ఉమ్రావ్. "ఇంకో చెంచా మింగింది."

"కూసుండబెట్టి తాపు. గాబరా వడకు. పావుగంటకు వేలు పొడిచి చూడు."

పావుగంట. అంత పెద్ద పావుగంట నేను ఎక్కడా చూడలేదు. కొమురెల్లి సద్ది గిన్నె తెరిచే ఉంది, ఈగలు వాలుతున్నా తోలడం లేదు. ఎవరో గోపాల్‌ను మిషన్లు ఎందుకు నడపలేదని కేకేశారు. "కరెంటు లేదు" అని అబద్ధమాడాడు. అతని నెత్తి మీద బల్బు వెలుగుతూనే ఉంది.

ఫోనులో ముక్కుతూ మూలుగుతూ ఒక గొంతు మొదలైంది. తర్వాత పంటి కింద గ్లూకోజు బిళ్ల పటపటమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆమె చిన్నప్పటి నుంచీ బిళ్లను చప్పరించదు, నములుతుంది.

"డెబ్బై ఆరు" అంది ఉమ్రావ్. ఆ తర్వాత ఏడుస్తూ ఏదేదో అంది. నాకు అంకె చాలు.

గోపాల్ వైపు చూసి తల ఊపాను. అతను మీట ముందు నుంచి జరగలేదు. అక్కడే గోడకు ఆని కింద కూర్చున్నాడు.

కొంతసేపటికి ముబీనా ఫోను తీసుకుంది. గొంతు బరువుగా ఉంది.

"అబ్బా."

"చెప్పు బేటీ."

"అమ్మీ లేపింది కదా. నేను ఓడిపోయిన కదా?"

నేను కోరుకున్నది అదే. వారం రోజులు పాములను, డాక్టరమ్మ కార్లను పుట్టించింది దాని కోసమే. ఇప్పుడు ఒక్క "అవును" అంటే బిడ్డ మెట్‌పల్లిలోనే ఉంటుంది, నా కళ్ల ముందే.

చేతిలో ఇంకా దూది ఉంది. అది అరచేతికి అంటుకుని రావడం లేదు.

"నువ్వు ఓడలే. కూత ఇనబడినప్పుడల్ల లేచినవ్. ఇయ్యాల ఇనబడకుంట చేసింది నేను."

"మల్ల?"

"మల్ల వారం మొదలువెట్టు. నువ్వు జూడకుంట నేను పరుపు ముట్టను."

"పాములస్తయా?"

"రావు."

"మీసాలున్నయి గూడనా?"

బిడ్డ బతికిందని అప్పుడు నమ్మాను.

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని జేబు విప్పాను. దూది మొత్తం తీసేశాను. మూత పీకేశాను. అడుగున పాత డాల్డా డబ్బా మూత ఒకటి పెట్టి, దాని మీద ఒక్క పొర పలుచని గుడ్డ కుట్టాను. పంపు అదిరితే రేకు గలగలమంటుంది. మోచేతికి తగలకుండా జేబు అంచుకు మాత్రం ఉమ్రావ్ పాత చీర మడిచి కుట్టాను. పంపు పెట్టే ముందు నా ఫోను పెట్టి చూశాం. ముబీనా పడుకుని దుప్పటి కప్పుకుంది. ఉమ్రావ్ ఇంటి బయటి నుంచి ఫోను చేసింది, గోడ అవతలి నుంచి చేసింది, వీధి చివరి నుంచి చేసింది. మూడోసారికి పక్కింటి సత్తమ్మ చీపురు పట్టుకుని వచ్చి "ఏందయ్య గీ లొల్లి, పరుపు కుడుతున్నవా, బండి బాగుజేస్తున్నవా?" అంది.

"సాల్తది" అన్నాను.

రెండో వారం గడిచింది. పంపు రెండుసార్లు కూసింది. రెండుసార్లూ తనే లేచింది. నేను దుకాణంలోనే కూర్చున్నాను, కాళ్లు కట్టేసుకున్నట్టు.

ముబీనా ఆదిలాబాద్ పోయింది. పరుపును బస్సు మీద నేనే కట్టాను. ఇప్పుడు ఉమ్రావ్ నంబరు, ముబీనా నంబరు, అక్కడి ఇంటి ఓనరు అనసూర్య నంబరు, మూడూ నోటికి వచ్చు. గోపాల్ నేర్పాడు. దూది కొనడానికి పోయిన ప్రతిసారీ అప్పజెప్పించుకున్నాకే గదిలోకి రానిస్తాడు.

పోయిన గురువారం మధ్యాహ్నం అనసూర్య నుంచి ఫోను వచ్చింది. ఆమె గొంతు వినగానే దబ్బనం నా వేలిలో దిగింది.

"ఏం ఖాసిం భాయ్, గిదేం పరుపు? గోడ అవతల నేను పన్న. ఒక్కసారిగ రేకులు కొట్టుకున్నట్టు గలగల, కీఁ కీఁ అని ఒకటే కూత. ఇల్లు కూలుతుందని లేచి ఉరికిన!"

"బిడ్డ లేచిందా అక్కా?"

"నాకంటె ముందుగాల్నె లేచింది. తలుపు తీసి, నోట్ల ఏందో పటపట నములుకుంట 'ఏం గాదు ఆంటీ, మీరు పండుకోండ్రి' అన్నది. ఇగో, అది మల్ల పన్నది, గురక గూడ పెడుతుంది. నాకే నిద్ర వస్తలేదు."

వేలి రక్తం చొక్కాకు తుడుచుకున్నాను. "ఫికర్ చెయ్యకక్కా. నీకొక పరుపు కుట్టిస్త. ధర్మపురిల ఒకాయన నా పరుపు మీద పండుకొని..."

"కుట్టియ్యి గని" అంది అనసూర్య, "రేకు లేకుంట కుట్టు."